గోళీ తగలకపోతే నార్మల్

ఢిల్లీలో నర్సులుగా, ఆరోగ్య కార్యకర్తలుగా కొత్తగా చేరే మన తెలుగు అమ్మాయిలు నన్ను మొదట అడిగే ప్రశ్న, "అంకుల్, మీరు డాక్టరా?" అని. కాదంటాను. "అయితే నర్సింగ్ ట్యూటరా?" అదీ కాదు. పదో తరగతి తప్పినవాణ్ణి. తెనాలిలో ఒక పళ్ళ డాక్టరు గారి వెనక గదిలో కట్టుడు పళ్ళు చెయ్యడం నేర్చుకుని, ఆ విద్యతోనే ఢిల్లీ వచ్చాను. చివరి పద్నాలుగేళ్ళు ఆడవాళ్ళ రొమ్ముల నమూనాలు పోశాను. చేత్తో తడిమి రొమ్ము క్యాన్సర్‌ని ముందుగా పసిగట్టడం ఎలాగో అమ్మాయిలు ఆ నమూనాల మీద నేర్చుకునేవారు. మా ఇంట్లోవాళ్ళు ఈ సంగతి చాలాకాలం బంధువులకి చెప్పలేదు. "ఏదో హాస్పిటల్ సామాను తయారుచేస్తారు" అని సరిపెట్టేవారు.

నాకు ప్రమోషన్లు రాలేదు కాబట్టి వాటి గురించి రాసే శ్రమ తప్పింది. నేను రాయదలుచుకున్నది ఒక తప్పు గురించి. ఒక క్యాంపులో, నేను చెప్పకూడని మాట ఒకటి చెప్పాను. దాంతో రోగం ఉన్న ఒకావిడ చేతికి రోగం లేదన్న కాగితం వెళ్ళింది. ఆవిడ పేరు నాగమణి. ఆ కాగితం మాట వినకుండా ఆవిణ్ణి డాక్టరు దగ్గరికి పంపగలిగామా లేదా అన్నదే నేను చెప్పబోయేది. ఈ పనిలోకి వస్తున్నవాళ్ళు నా మిగతా అనుభవాలన్నీ మర్చిపోయినా ఇది గుర్తుపెట్టుకుంటే చాలు.

టిఫిన్ డబ్బాలో వచ్చింది

మయూర్ విహార్‌లో మార్కెట్ మేడ మీద ఒక డెంటల్ ల్యాబులో పనిచేస్తుండేవాణ్ణి. ఒకరోజు మధ్యాహ్నం తెల్ల కాటన్ చీర కట్టుకున్నావిడ ఒకరు మెట్లెక్కి వచ్చి, పెద్ద స్టీలు టిఫిన్ డబ్బా నా బల్ల మీద పెట్టారు. లోపల తువ్వాల్లో చుట్టి ఏదో ఉంది.

"అన్నయ్యగారూ, మీరు తెలుగువారని మా చర్చిలో చెప్పారు. ఇది చిరిగిపోయింది. అతికించగలరా?"

"ఏవిటమ్మా ఇది?"

"చూస్తే తెలీట్లేదా?"

తెలిసింది. పక్క బల్ల దగ్గర పనిచేసే శర్మకీ తెలిసినట్టుంది, తలొంచుకుని అరగదీసిన పళ్ళనే మళ్ళీ అరగదీయడం మొదలుపెట్టాడు.

ఆవిడ పేరు రత్నకుమారి, అందరూ సిస్టర్ అనేవారు. బాపట్ల వైపు మనిషి. నర్సుగా చాలా ఏళ్ళు చేసి, అప్పటికి ఒక స్వచ్ఛంద సంస్థలో అమ్మాయిలకి శిక్షణ ఇస్తున్నారు. ఏ బాధా లేని ఆడవాళ్ళని కూడా పిలిచి, రొమ్ములు చేత్తో పరీక్ష చేసి, అనుమానం ఉన్నవాళ్ళని ఆసుపత్రికి పంపడం ఆ సంస్థ పని. విదేశాల నుంచి తెప్పించిన సిలికాన్ నమూనా ఒక్కటే ఉండేది. పాతికమంది అమ్మాయిలు వంతులవారీగా నొక్కీ నొక్కీ దాన్ని చింపేశారు.

నేను అతికించలేదు, కోశాను. లోపల ఏముందో చూస్తే తప్ప నాకు ఏదీ అర్థం కాదు. మెత్తటి సిలికాన్, మధ్యలో చిన్నా పెద్దా గట్టి ముక్కలు, అంతే. "ఇది నేను పోస్తానమ్మా" అన్నాను.

మొదటిది తీసుకెళ్తే సిస్టర్ కళ్ళు మూసుకుని నొక్కి చూశారు. "ఇది సైకిల్ సీటు అన్నయ్యగారూ." రెండోది, "ఇది నిన్నటి ఇడ్లీ." మూడోదాన్ని నొక్కి, "దీనికి వయసు ఎక్కువైంది" అన్నారు. తొమ్మిదోదో పదోదో నొక్కి, కళ్ళు తెరిచి, "ఊఁ" అన్నారు. ఆవిడ దగ్గర ఊఁ అనిపించుకోవడం ఏ డిగ్రీకీ తక్కువ కాదు. ఆ తర్వాత ల్యాబు మానేసి ఆవిడ సంస్థలోనే చేరాను.

ఆదివారాలు దర్యాగంజ్ పేవ్‌మెంటు మీద పాత సర్జరీ పుస్తకాలు కొని, డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివేవాణ్ణి. రొమ్ము అంటే గుండ్రటి ముద్ద కాదని, పైన కాలరెముక దాకా, పక్కన చంకలోకి తోకలాగా సాగుతుందని, రోగం ఎక్కువగా ఆ బయటి పైభాగంలోనే మొదలవుతుందని అందులోనే చదివాను. చదివి ఏం లాభం? నా అచ్చు ఒక స్టీలు గిన్నె. గిన్నెకి తోక ఉండదు. తోక పెడితే డబ్బాలో పట్టదని, మోసుకెళ్ళడం కష్టమని, గుండ్రంగానే పోశాను. ఈ సంగతి తర్వాత మళ్ళీ వస్తుంది.

వేళ్ళ పని

కొత్తవాళ్ళకి సిస్టర్ నేర్పిన పద్ధతిని నేను వెనక బెంచీలో కూర్చుని విన్నాను. విన్నది విన్నట్టు రాస్తున్నాను.

మనిషిని పడుకోబెట్టాలి. చూసే వైపు చెయ్యి తలకింద పెట్టించాలి. మధ్య మూడు వేళ్ళ మెత్తలతో చూడాలి, కొనలతో కాదు. రూపాయి బిళ్ళంత చుట్టు తిప్పాలి. ఉన్నచోటే మూడుసార్లు, మొదట చర్మం మాత్రం కదిలేంత, తర్వాత కాస్త లోతుగా, చివర కిందున్న పక్కటెముక తగిలేంత. అప్పుడు వేళ్ళు ఎత్తకుండా పక్కకి జరగాలి. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి, వరసలు వరసలుగా. "ముగ్గుకి ముందు వాకిలి అలుకుతారే, సందు వదలకుండా, అలాగ" అనేవారు సిస్టర్. ఢిల్లీలో పుట్టిన పిల్లలకి అలకడం అంటే ఏమిటో తెలీదు. ఆవిడ నేల మీద కూర్చుని తడిగుడ్డతో అలికి చూపించారు.

ఇందులో గొప్ప రహస్యమేమీ లేదు. కావలసింది సమయం. సమయం ఇవ్వడానికే ఎవరికీ మనసొప్పదు. రొమ్ము క్యాన్సర్ అవగాహనకని గులాబీ రంగు రిబ్బన్లు కట్టుకుని ఫోటోలు దిగడానికి గంట కేటాయించే పెద్దమనుషులు, ఒక మనిషిని పడుకోబెట్టి శ్రద్ధగా చూడటానికి పది నిమిషాలు ఎందుకని అడుగుతారు. వీళ్ళతో నేను చాలాసార్లు గొడవపడ్డాను. ఆ గొడవలన్నిటిలోనూ నాదే న్యాయం, ఒక్కటి తప్ప.

ఇంకొకటి నిర్మొహమాటంగా చెప్పాలి. చేతికి తగిలినవన్నీ క్యాన్సర్ కాదు, చాలావరకు కాదు. చేతికి తగలనంత మాత్రాన లేదనీ కాదు. మామోగ్రాం చేయించుకోగలిగినవాళ్ళు, ఆ వయసుకి వచ్చినవాళ్ళు, డాక్టరు చెప్పినట్టు అది చేయించుకోవాల్సిందే. మిషను దగ్గరికి వెళ్ళలేనివాళ్ళ కోసం ఈ చెయ్యి. చేతి పని, "ఇక్కడ ఏదో తేడాగా ఉంది, పెద్ద డాక్టరుకి చూపించండి" అని చెప్పడం. అంతకంటే ఒక్క మాట ఎక్కువ చెప్పినా ప్రమాదమే.

తెర ఇవతల

క్యాంపుల్లో మంచాలు వెయ్యడం, తెర కట్టడం, నమూనాలు మొయ్యడం నా పని. తెర అవతలికి నేను ఎప్పుడూ వెళ్ళలేదు. నాకు తెలిసిందంతా ఇవతల కుర్చీలో కూర్చుని విన్నదే.

వినికిడి తక్కువ విద్య కాదు. పరీక్ష బాగా జరుగుతుంటే తెర వెనక మాటలుండవు. మధ్యమధ్య "చెయ్యి పైకి పెట్టండి ఆంటీ", "దర్ద్ హై క్యా, నొప్పి ఉందా?" అంతే. మాటలు, నవ్వులు వినబడుతున్నాయంటే వేళ్ళు పని చెయ్యట్లేదు. "హో గయా ఆంటీ" అని, అయిపోయిందన్న మాట తొందరగా వచ్చిందంటే ఒక రొమ్ము సగమే చూశారు. ఆ సాయంత్రం నేను సిస్టర్‌కి చెప్పేవాణ్ణి, "మూడో మంచం పిల్ల ఇవాళ అలకలేదు, నీళ్ళు చల్లి వదిలేసింది" అని. ఆవిడ ఆ పిల్లని మర్నాడు మళ్ళీ కూర్చోబెట్టేవారు.

అలా అయిదారేళ్ళయ్యేసరికి నాకు ఒక పెద్దరికం వచ్చింది. అమ్మాయిలు తెర దాటి వచ్చి నన్ను అడగడం మొదలుపెట్టారు. "అంకుల్, ఇంత గట్టిగా ఉంటే?" "అంకుల్, కదుల్తోంది, ఏం రాయను?" నేను చెప్పేవాణ్ణి. పుస్తకాలు చదివాను గదా. నన్నెవరూ ఆపలేదు, నేనూ ఆగలేదు.

అందరూ పాసయ్యారు

నా నమూనాల్లో గడ్డల కోసం సదర్ బజారు నుంచి గాజు పూసలు తెచ్చి వేసేవాణ్ణి. ఆవగింజ నుంచి శెనగగింజ దాకా సైజులు. అన్నీ గుండ్రనివే. అమ్మాయిలు వాటిని గోళీలనేవారు. ఒకే అచ్చు, ఒకే కొలత, కాబట్టి ప్రతి నమూనాలోనూ అయిదు గోళీలు అవే అయిదు చోట్ల ఉండేవి. నేర్చుకోవడానికీ అవే, పరీక్షకీ అవే.

ఒక బ్యాచిలో అందరికీ నూటికి నూరు వచ్చాయి. డైరెక్టరు గారు నోయిడా ఆఫీసు నుంచి వచ్చి అమ్మాయిల మధ్య నిలబడి ఫోటో దిగారు. నన్నూ పక్కన నిలబెట్టారు. ఆ సాయంత్రం సిస్టర్ నా దగ్గరికి వచ్చి అన్నారు:

"అన్నయ్యగారూ, ఒక పిల్ల పక్కదానితో సినిమా కబుర్లు చెబుతూ అయిదూ పట్టేసింది. చూశారా?"

"చూశాను. బాగా నేర్చుకుంది."

"మీ బొమ్మని బట్టీపట్టింది. మనుషులకి గోళీలు లెక్కపెట్టి అయిదు చోట్లే ఉంటాయా?"

"అయితే ఇంపోర్టెడ్‌వి తెప్పించుకోండి" అన్నాను. నాలుగు రోజులు ఆవిడతో మాట్లాడలేదు. నా చేతి పనికి వంకపెట్టినవాళ్ళతో మాట్లాడకపోవడం నాకు తెనాలి నుంచీ ఉన్న అలవాటు.

ద్వారక క్యాంపు

ద్వారకలో ఒక హౌసింగ్ సొసైటీ కమ్యూనిటీ హాల్లో క్యాంపు పెట్టాం. దాన్ని కుదిర్చింది నాగమణి. శ్రీకాకుళం వైపు ఆవిడ. భర్త అప్పలస్వామి సైన్యంలో హవల్దారుగా రిటైరై, ఒక ఆఫీసులో సెక్యూరిటీ సూపర్‌వైజరుగా చేస్తున్నాడు. నాగమణికి యాభై దాటి ఉంటాయి. ఆ సొసైటీలో ఏ ఫ్లాట్లో ఎవరుంటారో, ఎవరింట్లో ఎవరు పనిచేస్తారో, ఎవరికి ఎవరితో పడదో అన్నీ ఆవిడకి తెలుసు. వచ్చీరాని హిందీలో కేకలేస్తూ అందర్నీ తోలుకొచ్చింది. సిగ్గుపడేవాళ్ళని, "దేవుడిచ్చిన దానికి సిగ్గేటి? రోగానికి సిగ్గుంటాదా?" అని తెలుగులోనే తిట్టి తెర వెనక్కి నెట్టింది. అందరూ అయ్యాక చివర తనే పడుకుంది.

చూస్తున్న పిల్ల ఝాన్సీ. ఇరవైమూడేళ్ళది. వాళ్ళమ్మ గుంటూరు నుంచి వచ్చిన నర్సు. ఝాన్సీ పుట్టింది పెరిగింది ఢిల్లీలోనే, తెలుగు అర్థమవుతుంది, మాటలు సగం హిందీలో వస్తాయి. మా వాళ్ళందరిలోకీ మంచి చెయ్యి దానిదే.

చాలాసేపు తెర వెనక చప్పుడు లేదు. ఒక వరస అయ్యింది, మళ్ళీ మొదటికి వెళ్ళింది. నాకు మంచం కిర్రుమనడం వినబడింది. తర్వాత ఝాన్సీ తెర దాటి నా దగ్గరికి వచ్చింది, చేతిలో ఫారం.

"అంకుల్, ఎడమ సైడు, చంక దగ్గర, కుఛ్ హై, ఏదో ఉంది. కానీ గోళీ లేదు."

"అంటే?"

"పతా నహీ. మోటా హై, మందంగా. చీర మడత లోపల కుట్టు తగుల్తుంది కదా, అలాగ. కుడి సైడు అలా లేదు. మీ మోడల్‌లో ఇలాంటిది లేదు."

"గోళీ తగిలిందా, లేదా?"

"లేదు."

"గోళీ తగలకపోతే నార్మల్. రాసెయ్యి. వయసు మళ్ళినవాళ్ళకి కాస్త మందంగానే ఉంటుంది."

ఝాన్సీ నిలబడింది. మళ్ళీ వెళ్ళాలనుకుంది కాబోలు, తెర వైపు చూసింది. ఫారంలో రెండే గళ్ళు. గడ్డ ఉంది, గడ్డ లేదు. మూడో గడి లేదు. హాలు ఖాళీ చెయ్యమని సొసైటీ వాచ్‌మన్ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. సిస్టర్ ఆ రోజు ఇంకో క్యాంపులో ఉన్నారు. ఝాన్సీ రెండో గడిలో టిక్కు పెట్టింది. నాగమణి కాగితం తీసుకుని, "ఇంతేనా? అయితే టీ తాగి ఎల్లండి" అంది. అందరం తాగాం.

వయసు మళ్ళితే మందంగా ఉంటుందన్నది నేను ఎక్కడా చదవలేదు. ఒక్క వైపే ఉన్న తేడాని వదలకూడదని మాత్రం చదివాను. అయినా నోటికి వచ్చింది చెప్పాను. డిగ్రీ లేనివాణ్ణని నన్ను చిన్నచూపు చూసినవాళ్ళ మీద జీవితమంతా మండిపడ్డాను. ఆ రోజు ఆ మాట చెప్పించింది డిగ్రీ లేకపోవడం కాదు, తెలీదని చెప్పలేకపోవడం. అది డిగ్రీ ఉన్నవాళ్ళలోనూ చూశాను.

పాడైపోయిన నమూనా

పది రోజుల తర్వాత ఝాన్సీ నా వర్క్‌షాపుకి నమూనాలు తీసుకెళ్ళడానికి వచ్చింది. ఆ వారం నాకొక నమూనా చెడింది. సగం పోశాక కరెంటు పోయింది, కింది పొర గట్టిపడ్డాక మీద రెండోది పోశాను. రెండు పొరల మధ్య ఒక మందపాటి మడత పడింది. పారేసేవాటిలో పెట్టాను. ఝాన్సీ పొరపాటున దాన్నే సంచీలో పెట్టబోయి, చేత్తో పట్టుకుని, ఆగిపోయింది. మూడు వేళ్ళూ పెట్టి మళ్ళీ నొక్కింది.

"అంకుల్. ఇదే."

"ఏది?"

"ద్వారకా వాలీ ఆంటీ. బిల్కుల్ ఇదే."

నేను తీసుకుని నొక్కాను. గోళీ లేదు. అంచు ఎక్కడ మొదలైందో తెలీదు. కానీ ఉంది. చిన్నపిల్లాడికి ఇచ్చినా ఉందని చెబుతాడు. 

సిస్టర్‌కి ఫోన్ చేసి పిలిపించాం. ఆవిడ నమూనా నొక్కలేదు, నన్ను తిట్టలేదు. ఝాన్సీని మూడు ప్రశ్నలు అడిగారు. ఎక్కడ, ఎంత మేర, రెండో వైపు ఉందా లేదా. తర్వాత, "పదండి, సార్‌ని కలుద్దాం" అన్నారు.

డైరెక్టరు గారి గది

డైరెక్టరు గారు చెడ్డవాడు కాదు. ప్రజారోగ్యం చదివిన డాక్టరు. ఏసీ గదిలో కూర్చుంటే ఎవరికైనా పట్టే జబ్బే ఆయనకీ పట్టింది, కాగితం మీద పూర్తయింది పూర్తయిందనుకోవడం.

"ఒకావిణ్ణి మళ్ళీ పిలిస్తే మిగతావాళ్ళ సంగతేంటి? అదే పిల్లలు, అదే ట్రైనింగ్. అందర్నీ పిలవాలి. పానిక్ అవుతుంది. వచ్చే ఏడాది రొటీన్‌గా చూస్తాం కదా" అన్నారు హిందీలో.

"సార్, ఆవిడకి వచ్చే ఏడాది దాకా టైముందని ఎవరు చెప్పారు?" అన్నారు సిస్టర్.

నేను మధ్యలో కలగజేసుకున్నాను. ఆయన నా వైపు తిరిగి, "మీరు టెక్నీషియన్. క్లినికల్ విషయాల్లో మీరు మాట్లాడకూడదు" అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. కానీ ఆ మాటలో ఒక్క అక్షరం తప్పు లేదు. పది రోజుల ముందు ద్వారకలో ఎవరైనా నాతో అని ఉంటే బాగుండేది.

బయటికొచ్చాక సిస్టర్ అన్నారు: "సంస్థ తరఫున పిలవొద్దన్నారు. మనుషుల్లా పిలవొద్దనలేదు. అన్నయ్యగారూ, మాట మీరు చెప్పారు, మీరే వెళ్ళి వెనక్కి తీసుకోండి. ఝాన్సీని తీసుకెళ్ళండి. ఆసుపత్రిలో డాక్టరుతో నేను మాట్లాడతాను."

లామినేషన్

ఇద్దరం మెట్రోలో ద్వారక వెళ్ళాం. అప్పలస్వామి తలుపు తీశాడు. మమ్మల్ని చూసి సంతోషపడి లోపలికి పిలిచి, షోకేసులోంచి ఒక కాగితం తీసి చూపించాడు. అది మేమిచ్చిన స్లిప్పే. లామినేషన్ చేయించాడు.

"మా ఫౌజు అలవాటు మాస్టారూ. ఫిట్ అని రాసిన కాయితం పారెయ్యం" అన్నాడు.

"అది తప్పు కాగితం" అన్నాను.

"తప్పేటి? మీ మొహరుంది. సంతకముంది."

"పరీక్ష చేసిన అమ్మాయికి తేడా తగిలింది. నన్నడిగింది. నేను నార్మల్ రాయమన్నాను. నేను డాక్టర్ని కాను, నర్సునీ కాను. బొమ్మలు పోసేవాణ్ణి."

నాగమణి వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. విన్నది. భర్త కంటే ముందే ఆవిడకి అర్థమైంది. ఝాన్సీ వైపు తిరిగింది.

"ఏటే పిల్లా, నీ సెయ్యేటన్నాది?"

"కుఛ్ థా ఆంటీ. ఉంది."

"మరి ఈయన్నెందుకడిగినావు? సూసింది నువ్వా, ఈయనా?"

ఝాన్సీ ఏడ్చింది. అప్పలస్వామికి కోపమొచ్చింది. మా ఇద్దరి మీదా కాదు, భార్య మీద. "నొప్పి లేదు, గడ్డ లేదు, ఇంటి పనంతా చేస్తాది. ఫిట్ అన్నాక మళ్ళీ బోర్డు ముందుకెందుకు? ఆసుపత్రికెళ్తే ఏదోటి అంటగడతారు. ఎల్లక్కర్లేదు."

ఆయన వాదన నాకు అర్థమైంది. సైన్యంలో మెడికల్ బోర్డు ఒకసారి ఫిట్ అంటే దాని మీద ఉద్యోగం, పెన్షను, పరువు అన్నీ నిలబడతాయి. అలాంటి మనిషి చేతికి నేను ఒక ఫిట్ కాగితం ఇచ్చాను. పుస్తకాలు చెప్పీ, బతిమాలీ గంటసేపు మాట్లాడాను. కదల్లేదు. 

చివరికి నాగమణే తేల్చింది. "ఈ ముసలాయన మెట్రోలో ఇంత దూరం వొచ్చి తన తప్పు తనే సెప్పుకుంతన్నాడంటే ఊరికే సెప్పడు. మొగోడు తప్పొప్పుకోడం నేనీ ఇంట్లో ముప్పయ్యేళ్ళుగా సూళ్ళేదు" అంది.

అప్పలస్వామి చేతిలోని కాగితం పక్కన పెట్టాడు. "ఠీక్ హై. రేపెల్దాం" అన్నాడు.

తేలింది

మామోగ్రాం, అల్ట్రాసౌండ్, సూదితో ముక్క తీసి పరీక్ష. క్యాన్సరే. గడ్డ కట్టకుండా పొరలాగా పరుచుకునే రకం కూడా ఒకటి ఉంటుందని, చేతికి అది మందంగా మాత్రమే తెలుస్తుందని డాక్టరు సిస్టర్‌కి చెప్పాడు. చంకలోకి కొంచెం పాకింది. ఎడమ రొమ్ము తీసేశారు. తర్వాత కీమో, రేడియేషను. ఏడాది దాకా వదిలి ఉంటే ఏమయ్యేదని నేను అడిగాను. "అడిగి ఏం చేస్తారు?" అన్నాడు డాక్టరు. సరైన జవాబే. నాగమణి ఇప్పటికీ ఉంది. ఈ రాత ఆవిడకి చదివి వినిపించాకే మీ ముందు పెడుతున్నాను. తన మాటలు రెండుచోట్ల నేను మెత్తగా రాశానని గొణిగింది.

స్టీలు గిన్నె పారేశాను. చంక దాకా తోక ఉన్న అచ్చు చేశాను. డబ్బాలో పట్టకపోతే సంచీలో మోశాం. గుండ్రనివి, గరుకువి, అంచు లేని మందాలు అన్నీ పెట్టాను, ఏ రెండు నమూనాల్లోనూ ఒకేచోట పెట్టలేదు. కొన్నిటిలో ఏమీ పెట్టలేదు. మార్కుల కోసం చూసేవాళ్ళు ఖాళీ నమూనాలో కూడా గడ్డలు కనిపెడతారు. ఏమీ లేదని ధైర్యంగా చెప్పడమూ నేర్చుకోవాల్సిందే. ఫారంలో మూడో గడి పెట్టమని రాసిచ్చాం, పెట్టలేదు. ఝాన్సీ ప్రతి ఫారం మీదా పెన్నుతో తనే మూడో గడి గీసి, పక్కన "తేడాగా ఉంది, పంపాలి" అని రాసేది. ఆఫీసు వాళ్ళు కొన్నాళ్ళు సణిగి ఊరుకున్నారు. కొత్తగా వచ్చేవాళ్ళూ గియ్యండి. మీ చేతికి తెలిసింది ఫారంలో పట్టకపోతే ఫారమే తప్పు. తెర ఇవతల కూర్చున్న ఏ ముసలివాణ్ణీ అడక్కండి.

ఇంకా చెప్పాల్సింది ఉంది. ఆపరేషనయిన రెండు నెలలకి ద్వారక వెళ్ళాను. నాగమణి తలకి రుమాలు కట్టుకుని సోఫాలో కూర్చుంది. వాచిన ఎడమ చెయ్యి దిండు మీద పెట్టుకుంది. కాసేపు అవీ ఇవీ మాట్లాడాక అడిగింది:

"మాస్టారూ, ఆ రోజు నాకన్నా ముందు సూపించుకున్నోలంతా ఏటయ్యారు?"

సంస్థ ఎవర్నీ పిలవలేదు. సిస్టర్ శనివారాలు చర్చి హాల్లో తనే మళ్ళీ చూస్తానని కూర్చున్నారు, కానీ ఎవరికీ కబురు వెళ్ళలేదు. లిస్టు ఆఫీసులో ఉంది, ఇవ్వనన్నారు. అదే చెప్పాను.

"లిస్టెందుకు? ఆలందర్నీ తెచ్చింది నేనే గదా" అంది.

అప్పలస్వామి కూర్చోమంటూనే ఉన్నాడు. ఆవిడ కుడిచెయ్యి గోడకి ఆనించి లేచి, బయటికి నడిచి, ఎదురు ఫ్లాటు బెల్లు కొట్టింది. నేను వెనకే నిలబడ్డాను. తలుపు తీసినావిడ, "అరే దీదీ, ఆప్?" అంటూ చెయ్యి పట్టుకోబోయింది. నాగమణి తన వచ్చీరాని హిందీలో, ఉపోద్ఘాతమేమీ లేకుండా చెప్పింది. ఆ రోజు చూసినవాళ్ళు సరిగ్గా చూడలేదని, మళ్ళీ చూపించుకోవాలని, ఇవాళ శనివారమని.

ఆవిడ ఎందుకని అడగలేదు. నాగమణి జాకెట్టు ఎడమవైపు ఒక్కసారి చూసి, లోపలికి వెళ్ళి చెప్పులు వేసుకుని వచ్చింది.